అంతర్జాతీయ క్రికెట్ ఫలితాల అంచనా

అంతర్జాతీయ క్రికెట్ ఫలితాల అంచనా అంటే రెండు దేశాల జట్ల మధ్య జరిగే టెస్టు, వన్డే, ట్వంటీ-20 పోటీలలో ఏ జట్టు గెలుస్తుందో ముందుగా లెక్క కట్టే ప్రయత్నం. దీనిని ఆట ప్రారంభానికి ముందే చేయవచ్చు. ఆట జరుగుతుండగా బంతి బంతికీ సవరిస్తూ కూడా చేయవచ్చు. జట్ల బలాబలాలు, మైదానం, వాతావరణం, చేతిలో ఉన్న వికెట్లు, మిగిలిన ఓవర్లు దీనికి ఆధారాలు. గణాంకశాస్త్రం, సంభావ్యతా సిద్ధాంతం, కంప్యూటర్లు దీనికి సాధనాలు.

జోస్యానికీ అంచనాకూ భేదం ఉంది. "రేపు భారత్ గెలుస్తుంది" అనడం జోస్యం. "రేపు భారత్ గెలిచే అవకాశం 70 శాతం" అనడం అంచనా. రెండవ వాక్యంలో మిగిలిపోయిన 30 శాతం కూడా సమాచారమే. అటువంటి పోటీలు పది జరిగితే దాదాపు మూడింటిలో భారత్ ఓడిపోవచ్చునని ఆ వాక్యం ముందే చెబుతున్నది. కాబట్టి ఒక్క పోటీలో భారత్ ఓడినంత మాత్రాన ఆ అంచనా తప్పు అనడానికి వీలులేదు. ఈ వ్యాసంలో వివరించిన పద్ధతులన్నీ ఆ 30 శాతాన్ని వీలైనంత సరిగా కొలవడానికి ఏర్పడినవే. దానిని సున్నా చేయగల పద్ధతి ఇంతవరకు లేదు.

అంచనాలు తలకిందులైన సందర్భాలు

క్రికెట్ చరిత్రలో ప్రసిద్ధి చెందిన విజయాలలో అనేకం ఎవరూ ఊహించనివే.

- 1981, లీడ్స్: హెడింగ్లీ మైదానంలో ఆస్ట్రేలియాపై ఇంగ్లాండు 227 పరుగుల వెనుకబాటుతో ఫాలోఆన్ ఆడింది. ఆ దశలో ఇంగ్లాండు విజయానికి పందెపు సంస్థ ఇచ్చిన రేటు 500కు 1. రెండవ ఇన్నింగ్సులో 135 పరుగులకే 7 వికెట్లు పడిపోయాయి. ఇయాన్ బోథమ్ అజేయంగా 149 పరుగులు చేశాడు. 130 పరుగుల లక్ష్యంతో దిగిన ఆస్ట్రేలియా 111 పరుగులకు ఆలౌటైంది. బాబ్ విల్లిస్ 43 పరుగులిచ్చి 8 వికెట్లు తీయగా ఇంగ్లాండు 18 పరుగులతో గెలిచింది.
- 1983, లార్డ్స్: మొదటి రెండు ప్రపంచ కప్పులలో కలిపి భారత్ గెలిచినది ఒక్క పోటీ మాత్రమే, అదీ తూర్పు ఆఫ్రికాపై. 1983లో బుకీలు భారత్‌కు ఇచ్చిన రేటు 66కు 1. జూన్ 25న జరిగిన ఫైనల్లో భారత్ 183 పరుగులకే ఆలౌటైనా, వెస్టిండీస్‌ను 140 పరుగులకు కట్టడి చేసి 43 పరుగులతో కప్పు గెలుచుకుంది.
- 2001, కోల్‌కత: వరుసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా, భారత్‌ను ఫాలోఆన్ ఆడించింది. హైదరాబాదుకు చెందిన వి.వి.ఎస్.లక్ష్మణ్ 281, రాహుల్ ద్రవిడ్ 180 పరుగులు చేసి ఐదవ వికెట్టుకు 376 పరుగులు జోడించారు. భారత్ 171 పరుగులతో గెలిచింది. ఫాలోఆన్ ఆడిన జట్టు టెస్టు గెలవడం చరిత్రలో అది మూడవసారి మాత్రమే. 2023లో వెల్లింగ్టన్‌లో న్యూజీలాండ్ ఒక్క పరుగు తేడాతో ఇంగ్లాండును ఓడించి నాలుగవ ఉదాహరణ అయింది.
- 2024, హైదరాబాదు: ఉప్పల్ స్టేడియంలో జనవరిలో జరిగిన టెస్టులో భారత్‌కు మొదటి ఇన్నింగ్సులో 190 పరుగుల ఆధిక్యం లభించింది. ఓలీ పోప్ 196 పరుగులు చేయడంతో ఇంగ్లాండు తేరుకుంది. తొలి టెస్టు ఆడుతున్న టామ్ హార్ట్లీ రెండవ ఇన్నింగ్సులో 7 వికెట్లు తీయగా భారత్ 28 పరుగులతో ఓడింది.

ఈ సందర్భాలలో అంచనాలు వేసినవారంతా అజ్ఞానులని భావించరాదు. 66కు 1 అనే రేటు సుమారు 1.5 శాతం అవకాశానికి సమానం. అది చిన్న సంఖ్యే కాని సున్నా కాదు. వేలాది పోటీలు జరిగే ఆటలో అటువంటి అరుదైన సంఘటనలు అప్పుడప్పుడు జరిగి తీరుతాయి. నూరింటిలో ఒకసారి జరిగేది ఎన్నడూ జరగకపోతేనే ఆ లెక్కను అనుమానించాలి.

ఫలితాన్ని ప్రభావితం చేసే అంశాలు

ఆట స్వరూపం

ఐదు రోజుల టెస్టులో గెలుపు, ఓటములతో పాటు డ్రా కూడా ఉంటుంది. కనుక టెస్టుకు అంచనా వేయడమంటే మూడు అవకాశాలకు మొత్తం 100 శాతాన్ని పంచడం. రెండు జట్ల పరుగులూ సరిసమానమై టై కావడం నాలుగవ అవకాశమైనా, 1960లో బ్రిస్బేన్‌లోనూ 1986లో మద్రాసులోనూ తప్ప ఏ టెస్టూ టై కాలేదు. ఆట ఎంత దీర్ఘమైతే బలమైన జట్టు తన నైపుణ్యాన్ని అంతగా చూపగలుగుతుంది. 120 బంతుల ట్వంటీ-20 ఇన్నింగ్సులో ఒకరిద్దరి మెరుపు ఆటతో ఫలితం తారుమారు కావచ్చు. 2022 ట్వంటీ-20 ప్రపంచ కప్పులో దక్షిణాఫ్రికాను నెదర్లాండ్స్, 2024 ప్రపంచ కప్పులో పాకిస్తాన్‌ను అమెరికా ఓడించడం ఇందుకు నిదర్శనాలు.

స్వదేశ మైదానం

తెలిసిన పిచ్, అలవాటైన వాతావరణం, ప్రయాణపు బడలిక లేకపోవడం, ప్రేక్షకుల మద్దతు కలిసి ఆతిథ్య జట్టుకు అనుకూలిస్తాయి. 2013 నుండి 2024 వరకు స్వదేశంలో భారత్ వరుసగా 18 టెస్టు సిరీస్‌లు గెలిచింది. అయితే 2024 అక్టోబరు-నవంబరులలో న్యూజీలాండ్ 3-0తో ఆ పరంపరకు తెర దించింది. అంతకుముందు భారత గడ్డపై న్యూజీలాండ్ ఒక్క టెస్టు సిరీస్ కూడా గెలవలేదు. అదేవిధంగా బ్రిస్బేన్‌లోని గబ్బా మైదానంలో 1988 తరువాత టెస్టు ఓడని ఆస్ట్రేలియాను 2021 జనవరి 19న భారత్ 3 వికెట్లతో ఓడించింది. ప్రధాన బౌలర్లు గాయపడిన ఆ టెస్టులో హైదరాబాదు బౌలర్ మహమ్మద్ సిరాజ్ రెండవ ఇన్నింగ్సులో 5 వికెట్లు తీశాడు.

టాస్

టాస్ గెలిస్తే సగం ఆట గెలిచినట్లేనని చాలామంది అభిప్రాయం. వన్డే పోటీలను పరిశీలించిన గణాంకశాస్త్రజ్ఞులు బాసిల్ డి సిల్వా, టిమ్ స్వార్ట్జ్ 1990 దశకం చివరలో ఇందుకు భిన్నమైన నిర్ణయానికి వచ్చారు. టాస్ వల్ల చెప్పుకోదగ్గ ప్రయోజనం కనిపించలేదనీ, స్వదేశంలో ఆడటం వల్ల మాత్రం ప్రయోజనం స్పష్టంగా ఉందనీ వారు తేల్చారు. ఇది సగటు మాట. రాత్రివేళ మంచు కురిసి బంతి పట్టు చిక్కని చోట్ల టాస్ విలువ పెరుగుతుంది. 2021 ట్వంటీ-20 ప్రపంచ కప్పులో దుబాయిలో జరిగిన పోటీలలో అత్యధికం రెండవసారి బ్యాటింగ్ చేసిన జట్లే గెలిచాయి.

టాస్ విషయంలో భారత జట్టు అనుభవం గమనించదగినది. 2023 ప్రపంచ కప్పు ఫైనల్ మొదలుకొని వన్డేలలో భారత్ వరుసగా 20 టాస్‌లు ఓడింది. 2025 డిసెంబరు 6న విశాఖపట్నంలో దక్షిణాఫ్రికాపై ఆడిన పోటీలో ఆ వరుస ముగిసింది. వరుసగా 20 టాస్‌లు ఓడే అవకాశం 10,48,576లో ఒకటి. అయినా అదే కాలంలో, 2025 ఛాంపియన్స్ ట్రోఫీలో, ఐదు టాస్‌లూ ఓడి ఐదు పోటీలూ గెలిచి భారత్ విజేతగా నిలిచింది. ఇరవై సార్లు ఓడినందువల్ల ఇరవై ఒకటవసారి గెలిచే అవకాశం పెరగదు. నాణేనికి జ్ఞాపకం ఉండదు కనుక అది ప్రతిసారీ సగమే.

పిచ్, వాతావరణం, జట్టు కూర్పు

పచ్చిక ఉన్న పిచ్‌పై పేస్ బౌలర్లకు, పొడిబారి పగుళ్ళు తేలిన పిచ్‌పై స్పిన్ బౌలర్లకు అనుకూలత ఎక్కువ. ఆకాశం మేఘావృతమైతే బంతి స్వింగ్ కావచ్చు. వర్షం పడితే ఓవర్లు తగ్గుతాయి. ఓవర్లు తగ్గితే బలహీనమైన జట్టుకు అవకాశం కొంత పెరుగుతుంది. చివరి పదకొండుగురు ఎవరన్నది టాస్ సమయంలో గాని తెలియదు. అందుచేత ముందురోజు వేసిన అంచనాను టాస్ తరువాత సవరించుకోవలసి ఉంటుంది.

చరిత్ర

క్రికెట్ గణాంకాలపై శాస్త్రీయ పరిశీలన 1945లో వచ్చిన పరిశోధన వ్యాసాలతో ఊపందుకుంది. బ్యాట్స్‌మన్ ప్రతి పరుగు వద్దా అవుటయ్యే అవకాశం ఒకేలా ఉంటే అతని స్కోర్లు గుణశ్రేఢిని అనుసరించాలి. ఈ ఊహను డబ్ల్యు.ఎల్డర్టన్, జి.హెచ్.వుడ్ ఆ సంవత్సరం పరీక్షించారు. బ్యాట్స్‌మన్ ఇన్నింగ్సు ఆరంభంలో అవుటయ్యే ప్రమాదం ఎక్కువని ప్రేక్షకులకు అనుభవపూర్వకంగా తెలిసిన విషయమే. దానిని సంఖ్యలలో చూపే మార్గం ఇటువంటి పరిశీలనలతో ఏర్పడింది.

1971లో వన్డే క్రికెట్ ప్రారంభమయ్యాక లెక్కలకు కొత్త అవసరం వచ్చింది. వర్షం పడినప్పుడు లక్ష్యాన్ని ఎలా సవరించాలన్నది పెద్ద సమస్య అయింది. 1992 ప్రపంచ కప్పు సెమీఫైనల్లో ఇంగ్లాండుపై దక్షిణాఫ్రికా 13 బంతులలో 22 పరుగులు చేయవలసి ఉండగా వర్షం పడింది. ఆట తిరిగి మొదలయ్యేసరికి అప్పటి నిబంధన ప్రకారం ఒక్క బంతిలో 21 పరుగులు చేయవలసి వచ్చింది. ఈ అన్యాయం తరువాత ఇంగ్లాండు గణాంకవేత్తలు ఫ్రాంక్ డక్‌వర్త్, టోనీ లూయీస్ రూపొందించిన పద్ధతిని 1997 జనవరి 1న హరారేలో జింబాబ్వే, ఇంగ్లాండు పోటీలో తొలిసారి అంతర్జాతీయంగా అమలు చేశారు. ఆస్ట్రేలియా గణాంకవేత్త స్టీవెన్ స్టెర్న్ సవరణల తరువాత 2014 నుండి దానిని డక్‌వర్త్-లూయీస్-స్టెర్న్ పద్ధతి అంటున్నారు.

ఆట జరుగుతుండగానే వన్డే విజేతను అంచనా వేసే విధానంపై ఆస్ట్రేలియా పరిశోధకులు మైఖేల్ బెయిలీ, స్టీఫెన్ క్లార్క్ 2006లో వ్యాసం ప్రచురించారు. 2012లో న్యూజీలాండ్ టెలివిజన్ ప్రసారాలలో "వాస్ప్" అనే అంచనా పట్టిక కనిపించసాగింది. ప్రస్తుతం ప్రసారాలలో తెర మూలన గెలుపు శాతాలు చూపడం సాధారణమైంది.

రేటింగులతో అంచనా

ఆటకు ముందు అంచనా వేయడానికి సులభమైన ఆధారం జట్ల రేటింగు. అంతర్జాతీయ క్రికెట్ మండలి టెస్టు జట్లకు 2001 నుండి, వన్డే జట్లకు 2002 నుండి ర్యాంకులు ఇస్తున్నది. వన్డే పద్ధతిలో ప్రతి పోటీకి జట్టుకు కొన్ని పాయింట్లు వస్తాయి. వాటి సగటే రేటింగు. పాత ఫలితాలకు విలువ తక్కువ.

రెండు జట్ల మధ్య తేడా 40 పాయింట్లకు లోపు ఉంటే గెలిచిన జట్టుకు ప్రత్యర్థి రేటింగుకు 50 కలిపి ఇస్తారు. ఓడిన జట్టుకు ప్రత్యర్థి రేటింగు నుండి 50 తీసివేసి ఇస్తారు. ఉదాహరణకు 110 రేటింగు గల జట్టు 100 రేటింగు గల జట్టును ఓడిస్తే విజేతకు 150, ఓడిన జట్టుకు 60 పాయింట్లు వస్తాయి. తేడా 40 లేక అంతకు మించితే నియమం మారుతుంది. 120 రేటింగు గల జట్టు 70 రేటింగు గల జట్టును ఓడిస్తే దక్కేది 130 పాయింట్లే. అదే 70 రేటింగు జట్టు గెలిస్తే దానికి 160, బలమైన జట్టుకు 30 పాయింట్లు మాత్రమే వస్తాయి. ఊహించిన ఫలితానికి స్వల్ప బహుమతి, ఊహించని ఫలితానికి పెద్ద బహుమతి అన్నది ఇందులోని సూత్రం.

రేటింగును గెలుపు శాతంగా మార్చడానికి ఆర్పాడ్ ఎలో చదరంగం కోసం రూపొందించిన పద్ధతిని క్రికెట్‌కూ అన్వయిస్తారు. ఆ లెక్కలో రెండు జట్ల మధ్య 100 పాయింట్ల తేడా ఉంటే బలమైన జట్టు అవకాశం సుమారు 64 శాతం. 200 పాయింట్ల తేడా ఉంటే సుమారు 76 శాతం. ఈ పాయింట్లకూ మండలి ర్యాంకుల పాయింట్లకూ సంబంధం లేదు.

ఆట జరుగుతుండగా అంచనా

డక్‌వర్త్-లూయీస్ పద్ధతి విజేతను ఊహించడానికి ఏర్పడినది కాకపోయినా, అందులోని "వనరులు" అనే భావన అంచనాలకు చక్కని పునాది. బ్యాటింగ్ జట్టు చేతిలో రెండు వనరులుంటాయి: మిగిలిన ఓవర్లు, మిగిలిన వికెట్లు. 50 ఓవర్లు, 10 వికెట్లు ఉన్నప్పుడు వనరులు 100 శాతం. ఈ పద్ధతి పాత పట్టిక ప్రకారం 20 ఓవర్లు మిగిలి ఉన్నప్పుడు వనరులు ఇలా ఉంటాయి:

- వికెట్లేవీ పడకపోతే 56.6 శాతం
- 5 వికెట్లు పడితే 38.6 శాతం
- 7 వికెట్లు పడితే 21.2 శాతం

ఓవర్లు అవే అయినా వికెట్లు పడే కొద్దీ వాటి విలువ తరిగిపోతుంది. స్కోరుబోర్డుపై కావలసిన రన్‌రేటు మాత్రమే చూసి గెలుపును ఊహించేవారు ఈ విషయాన్ని మరచిపోతారు.

వాస్ప్ పద్ధతిని న్యూజీలాండ్‌లోని కాంటర్బరీ విశ్వవిద్యాలయంలో స్కాట్ బ్రూకర్, సీమస్ హోగన్ తయారు చేశారు. గత పోటీల సమాచారం ఆధారంగా, ఫలానా ఓవరు వద్ద ఫలానా వికెట్లు పడిన స్థితి నుండి సగటు జట్టు ఎన్ని పరుగులు చేయగలదో, లక్ష్యాన్ని చేరే అవకాశం ఎంతో ఇది లెక్కిస్తుంది. ఇక్కడ "సగటు జట్టు" అన్నది కీలకం. క్రీజులో ఉన్నది ఎవరో ఈ లెక్కకు తెలియదు.

2023 నవంబరు 7న ముంబైలో 292 పరుగుల లక్ష్యంతో ఆడుతున్న ఆస్ట్రేలియా అఫ్ఘానిస్తాన్‌పై 91 పరుగులకే 7 వికెట్లు కోల్పోయింది. అప్పటికి దాదాపు 31 ఓవర్లు మిగిలి ఉన్నా, 7 వికెట్లు పోయినందువల్ల పై పట్టిక ప్రకారం వనరులు 22 శాతానికి మించవు. పూర్తి ఇన్నింగ్సుకు సగటు స్కోరు 245 అనుకుంటే ఆ వనరులతో రాగల పరుగులు సుమారు 53. కావలసినవి 201. గ్లెన్ మాక్స్‌వెల్ అజేయంగా 201 పరుగులు చేసి తన జట్టును 3 వికెట్లతో గెలిపించాడు. అతను 33 పరుగుల వద్ద ఇచ్చిన సులువైన క్యాచ్ జారిపోయింది. సగటు లెక్కలో అటువంటి బ్యాట్స్‌మనూ లేడు, ఆ క్యాచూ లేదు.

దీనికి విపరీతమైన ఉదాహరణ 2024 జూన్ 29న బ్రిడ్జ్‌టౌన్‌లో జరిగిన ట్వంటీ-20 ప్రపంచ కప్పు ఫైనల్. దక్షిణాఫ్రికా 30 బంతులలో 30 పరుగులు చేస్తే చాలు, చేతిలో 6 వికెట్లున్నాయి. ఆ స్థితిలో ఏ లెక్క వేసినా దక్షిణాఫ్రికాదే పైచేయి. కాని భారత్ 7 పరుగులతో గెలిచింది.

ఒక పోటీ, ఒక సిరీస్, ఒక ప్రపంచ కప్పు

ఒక జట్టు ప్రతి పోటీలో గెలిచే అవకాశం 60 శాతం అనుకుందాం. మూడు పోటీల సిరీస్ గెలిచే అవకాశం సుమారు 65 శాతం. ఐదు పోటీల సిరీస్ అయితే సుమారు 68 శాతం. పోటీల సంఖ్య పెరిగే కొద్దీ అదృష్టం పాత్ర తగ్గి బలం బయటపడుతుంది. హైదరాబాదు టెస్టులో ఓడిన భారత్ తరువాత విశాఖపట్నంలో 106 పరుగులతో గెలిచి, చివరకు సిరీస్‌ను 4-1తో కైవసం చేసుకుంది. ఒక్క టెస్టును ఊహించడం కంటె సిరీస్‌ను ఊహించడం సులభమనడానికి ఇది ఉదాహరణ.

నాకౌట్ పోటీలలో దీనికి విరుద్ధంగా జరుగుతుంది. సెమీఫైనల్, ఫైనల్ ఒక్కొక్కటి గెలిచే అవకాశం 70 శాతం ఉన్నా, రెండూ గెలిచే అవకాశం 0.7 × 0.7, అంటే 49 శాతమే. 2023 ప్రపంచ కప్పులో భారత్ వరుసగా 10 పోటీలు గెలిచి నవంబరు 19న అహమ్మదాబాదు ఫైనల్లో ఆస్ట్రేలియా చేతిలో 6 వికెట్లతో ఓడింది. ప్రతి పోటీలో 90 శాతం అవకాశం ఉన్న జట్టుకైనా 11 పోటీలూ గెలిచే అవకాశం సుమారు 31 శాతం మాత్రమే. అత్యుత్తమ జట్టే కప్పు గెలవాలన్న నియమం లెక్కలలో లేదు.

కంప్యూటర్ నమూనాలు

లాజిస్టిక్ రిగ్రెషన్, నిర్ణయ వృక్షాలు, న్యూరల్ నెట్‌వర్కులు వంటి పద్ధతులతో కంప్యూటర్లకు గత పోటీల సమాచారం ఇచ్చి అంచనాలు వేయిస్తున్నారు. మరొక పద్ధతిలో బంతి బంతికీ ఏమి జరగవచ్చో కంప్యూటర్‌లో వేలసార్లు ఆడించి, అందులో ఎన్నిసార్లు ఏ జట్టు గెలిచిందో లెక్కిస్తారు. ఇంజనీరింగు విద్యార్థులు ప్రాజెక్టులుగా ఇటువంటి నమూనాలను తరచు తయారు చేస్తారు. వాటిలో దొర్లే ప్రధానమైన లోపాలు మూడు.

మొదటిది, ఆట ముగిశాక మాత్రమే తెలిసే సమాచారాన్ని అంచనాకు వాడటం. మొదటి ఇన్నింగ్సు స్కోరు ఇచ్చి "ఆటకు ముందు అంచనా" అనడం ఇటువంటిదే. రెండవది, కాలక్రమాన్ని విస్మరించడం. 2019 పోటీలతో నేర్పి 2015 పోటీలపై పరీక్షిస్తే భవిష్యత్తును చూసి గతాన్ని చెప్పినట్లవుతుంది. మూడవది, సమాచారం తక్కువ కావడం. ఇంతవరకు జరిగిన టెస్టులు 2,500కు, వన్డేలు 4,800కు పైబడ్డాయి. ఇవి పెద్ద సంఖ్యలే అయినా, అవే రెండు జట్లు, దాదాపు అవే ఆటగాళ్ళతో, అదే మైదానంలో ఆడినవి వేళ్ళపై లెక్కించగలిగినన్నే ఉంటాయి.

అంచనాను పరీక్షించడం

ఎక్కువసార్లు సరిగా చెప్పినవారే మంచి అంచనాకారులని అనుకోవడం సహజం. కాని ఎంత నమ్మకంతో చెప్పారన్నది కూడా లెక్కలోకి రావాలి. అమెరికా వాతావరణ శాస్త్రవేత్త గ్లెన్ బ్రయర్ 1950లో వర్షసూచనలను పరీక్షించడానికి ప్రతిపాదించిన కొలత ఇందుకు ఉపయోగపడుతుంది. చెప్పిన సంభావ్యతకూ జరిగినదానికీ తేడాను వర్గం చేయాలి. గెలుపును 1గా, ఓటమిని 0గా తీసుకోవాలి. అనేక పోటీలకు వచ్చిన వర్గాల సగటు ఎంత తక్కువైతే అంచనాలు అంత మంచివి.

70 శాతం అని చెప్పిన జట్టు గెలిస్తే తేడా 0.3, దాని వర్గం 0.09. ఓడితే తేడా 0.7, దాని వర్గం 0.49. ఇప్పుడు ముగ్గురిని పోల్చుదాం. ప్రతి పోటీకీ బలమైన జట్టు పదింట ఏడుసార్లు గెలుస్తున్నదనుకోండి.

- ప్రతిసారీ 70 శాతం అని చెప్పినవారి సగటు 0.21
- ఏమీ తెలియక ప్రతిసారీ 50 శాతం అని చెప్పినవారి సగటు 0.25
- ప్రతిసారీ బలమైన జట్టే 100 శాతం గెలుస్తుందని చెప్పినవారి సగటు 0.30

మొదటివారు, మూడవవారు మొగ్గు చూపినది ఒకే జట్టు వైపు. అయినా మూడవవారు, తమకు ఏమీ తెలియదని ఒప్పుకున్న రెండవవారి కంటె కూడా వెనుకబడ్డారు. లేని నిశ్చయాన్ని ప్రకటించడానికి చెల్లించిన మూల్యం అది. విద్యార్థులు ఒక సిరీస్ పొడవునా తమ అంచనాలను ఆటకు ముందే నోటు పుస్తకంలో శాతాలతో రాసుకొని, చివరకు ఈ సగటు కట్టి చూసుకోవచ్చు. ఆట అయిపోయాక "నేను ముందే అనుకున్నాను" అనే మాటకు ఆ పుస్తకంలో చోటుండదు.

పందేలు, మోసాలు

ఇంగ్లాండు వంటి దేశాలలో క్రికెట్ పందేలు చట్టబద్ధమైన వ్యాపారం. భారతదేశంలో ఇవి ఎక్కువగా చాటుమాటుగా సాగుతూ వచ్చాయి. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను కూడా నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది.

చట్టం సంగతి అలా ఉంచి, లెక్క ప్రకారం కూడా పందెం కాసేవారికి నష్టమే. రెండు సమానమైన జట్లున్నాయనుకుందాం. న్యాయంగా 100 రూపాయల పందేనికి గెలిస్తే 200 రూపాయలు రావాలి. పందెం నడిపేవారు 190 మాత్రమే ఇస్తారనుకుంటే, ఒక్కొక్క పందెంపై సగటున 5 రూపాయలు వారికే మిగులుతాయి. ఇటువంటి 100 పందేలకు 10,000 రూపాయలు పెట్టినవారు సగటున 500 రూపాయలు పోగొట్టుకుంటారు. నష్టం లేకుండా ఉండాలంటేనే 52.6 శాతం పందేలు గెలవాలి.

పోయిన సొమ్మును రాబట్టడానికి ప్రతిసారీ పందేన్ని రెట్టింపు చేసే అలవాటు ఇంకా ప్రమాదకరం. 100 రూపాయలతో మొదలుపెట్టి వరుసగా 8 సార్లు ఓడితే పోయే మొత్తం 25,500 రూపాయలు. తొమ్మిదవ పందేనికి మరో 25,600 కావాలి. సమాన జట్ల మధ్య వరుసగా 8 సార్లు ఓడే అవకాశం 256లో ఒకటి. అరుదైనదే అయినా, తరచు పందెం కాసేవారికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే.

"పక్కా సమాచారం" అమ్ముతామనేవారు ఒక చిన్న లెక్కను ఉపయోగించుకోగలరు. 1,024 మంది ఫోన్ నెంబర్లు సేకరించి, సగం మందికి ఒక జట్టు గెలుస్తుందని, మిగిలిన సగానికి రెండవ జట్టు గెలుస్తుందని సందేశం పంపుతారు. తప్పు సమాచారం చేరినవారిని వదలి, మిగిలిన 512 మందిని మళ్ళీ రెండు సగాలుగా విడదీస్తారు. ఐదు పోటీలు ముగిసేసరికి 32 మందికి వరుసగా ఐదు జోస్యాలూ నిజమైనట్లు కనిపిస్తాయి. పది పోటీలకు ఒకరు మిగులుతారు. ఆ 32 మందికి తక్కిన 992 మంది సంగతి తెలియదు. ఆరవ జోస్యానికి సొమ్ము అడిగేది వారినే.

పోటీ నిజాయితీగా జరుగుతుందన్న నమ్మకంపైనే అన్ని అంచనాలూ ఆధారపడి ఉంటాయి. 2000 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికా సారథి హాన్సీ క్రోనే బుకీలతో సంబంధాలను ఢిల్లీ పోలీసులు బయటపెట్టారు. అతనిపై జీవితకాల నిషేధం పడింది. అదే సంవత్సరం హైదరాబాదుకు చెందిన భారత మాజీ సారథి మహమ్మద్ అజారుద్దీన్‌పై భారత క్రికెట్ నియంత్రణ మండలి జీవితకాల నిషేధం విధించగా, అది చెల్లదని 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. 2010 లార్డ్స్ టెస్టులో ముందే కుదుర్చుకున్న ప్రకారం నోబాల్స్ వేసిన వ్యవహారంలో ముగ్గురు పాకిస్తాన్ ఆటగాళ్ళకు 2011లో ఇంగ్లాండు న్యాయస్థానం జైలు శిక్ష విధించింది. ఇటువంటి వాటిని అరికట్టడానికి అంతర్జాతీయ క్రికెట్ మండలి 2000లో అవినీతి నిరోధక విభాగాన్ని ఏర్పాటు చేసింది. ఆటగాళ్ళు తమ ఆటపై పందేలు కాయడాన్ని మండలి నియమావళి నిషేధిస్తున్నది.

కుదుర్చుకున్న ఆటలో ఫలితం కొందరికి ముందే తెలిసి ఉంటుంది. మిగిలినవారు వేసే 70 శాతం, 30 శాతం లెక్కలకు అక్కడ అర్థం ఉండదు. ఎవరికీ ముందుగా తెలియని ఫలితం కోసం రెండు జట్లూ నిజాయితీగా పోరాడినప్పుడే అది ఆట అవుతుంది, దానిపై వేసే లెక్క అంచనా అవుతుంది.